కాఫీ తొక్కు దారి

శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. బైలదిల్లా గనుల్లో తవ్విన ఇనప రాయిని మోసుకొచ్చే గూడ్సు బళ్లు అక్కడినుంచి బొర్రా, కొత్తవలసల మీదుగా కిందికి దిగి విశాఖ చేరతాయి. కొంత రాయి రేవుకు పోతుంది, కొంత ఉక్కునగరాన్ని ఆనుకుని ఉన్న కర్మాగారానికి పోతుంది. ఎక్కడికి పోయినా వ్యాగన్ ఖాళీ అయిందంటే ఆ తర్వాత పనంతా కన్వేయర్ బెల్టులదే. మాంగనీసు ఎగుమతి కోసం 1933లో తెరిచిన రేవు ఇది. 1965 నాటికే ఇక్కడ ఖనిజాన్ని ఓడలకెక్కించే పని యంత్రాల చేతికి వచ్చింది. బరువును ఒక చోటినుంచి మరో చోటికి ఎలా చేర్చాలన్న విద్య ఈ ఊరికి బాగా తెలుసు.

అదే రైలు దారికి అటూ ఇటూ ఉన్న కొండల్లో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన, నవంబరు వచ్చేసరికి కాఫీ పళ్లు ఎర్రబడతాయి. పండులోని గింజ ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025లో పార్లమెంటు ఆవరణలో స్టాలు కూడా వెలిసింది. గింజ సరే, ఆ గింజను కప్పి ఉన్న తొక్క సంగతేమిటి? దాన్ని పట్టించుకున్న వ్యాసాలు బహు తక్కువ. నిజానికి కాఫీ యంత్రాల చరిత్రలో ఇంజనీర్ల బుర్ర తినేసినది గింజకంటే తొక్కే.

లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. వంద కిలోల పండు తెస్తే అందులో నలభై కిలోల దాకా తొక్కే. దాని లోపల గింజను అంటిపెట్టుకుని జారుడు బంక. బంక కింద పార్చ్‌మెంట్ అనే గట్టి పొర. ఆ పొర కింద సన్నటి వెండి పొర. ఇవన్నీ వదిలించి, తేమ ఆరబెట్టాక చివరికి మిగిలే పచ్చి గింజ 16 నుంచి 18 కిలోలు. అంటే ఇది పేరుకు కాఫీ పరిశ్రమేగానీ, బరువు ప్రకారం చూస్తే వ్యర్థాన్ని వేరుచేసి బయటికి పంపే పరిశ్రమ. పైగా ఆలస్యం కుదరదు. కోసిన పండు కుప్పలో గంటల్లోనే వేడెక్కి పులుస్తుంది. ఉదయం కోసింది ఆ రాత్రికల్లా యంత్రంలో పడాలి. పడకపోతే ఆ వాసన కప్పులోకి వచ్చి కూర్చుంటుంది.

తొక్క ఒలిచే యంత్రాల్లో ఒకదాని పుట్టిల్లు మనకు దూరమేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం నడుమ సింహళం కాఫీ తోటలతో నిండి ఉండేది. క్యాండీలో వర్క్‌షాపు పెట్టిన జాన్ వాకర్ డిస్క్ పల్పర్‌కు రూపమిచ్చాడు. నిలువుగా తిరిగే ఇనప చక్రం, దాని ముఖాలకు రాగి రేకు, రేకు నిండా బొడిపెలు, ఎదురుగా ఒక కడ్డీ. చక్రానికీ కడ్డీకీ నడుమ పడ్డ పండు నలిగి గింజ ఒక పక్కకు జారుతుంది, తొక్క బొడిపెలకు చిక్కి రెండో పక్కకు పోతుంది. స్కాట్లండులోని అబర్డీన్‌లో మెకినన్ కంపెనీ ఇలాంటి యంత్రాలనే తయారుచేసి సామ్రాజ్యంలో కాఫీ పండే చోట్లకు పంపింది. 1869లో సింహళపు ఆకులమీద తుప్పు తెగులు కనపడి, ఆ తర్వాత అక్కడి తోటలు తేయాకు తోటలైపోయాయి. తోటలు పోయినా యంత్రం మిగిలింది. దక్షిణ భారతంలోని కొండలమీద దాని వారసులు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఆ యంత్రానికి సగమే ఇంజనీరింగు. మిగతా సగం నీళ్లు. పండును యంత్రం నోటికి తెచ్చేది నీళ్లే. గింజను తొట్టిలోకి నడిపించేదీ, తొక్కను కాలువలోకి తోసేదీ నీళ్లే. తోట దొర ఎస్టేటు గీసేటప్పుడు మొదట వెతికేది ఏటవాలులో పారే ఏరును. పైన చెరువు, మధ్యలో పల్పర్, కింద తొట్లు, వాటికింద తొక్కు గుంట లేదా నేరుగా వాగు. మోటారు లేదు, బెల్టు లేదు, ఖర్చు లేదు. వాలు ఉన్నంతకాలం నీటిని మించిన కన్వేయర్ లేదని అందరూ నమ్మారు. పండును నీటితో ఒలిచే చోట్ల చాలాకాలం ఇదే పద్ధతి సాగింది.

విశాఖ మన్యానికి కాఫీ కాస్త ఆలస్యంగా వచ్చింది. 1898లో తూర్పు గోదావరి కొండల్లోని పాములేరు లోయలో బ్రిటిష్ వాళ్లు మొక్కలు నాటించడంతో ఆంధ్రలో ఈ పంట మొదలైందని చెబుతారు. అనంతగిరి, మినుములూరు వైపు అది స్థిరపడింది స్వాతంత్య్రం తర్వాతే, అటవీ శాఖ చేతుల మీదుగా. పోడు తగ్గించాలి, కొండ నేల కొట్టుకుపోకుండా చెట్ల నీడ నిలపాలి, గిరిజనుడికి ఏటా చేతికొచ్చే పంట ఒకటి ఉండాలి. ఈ మూడు అవసరాలకూ కాఫీ మొక్క సరిపోయింది. 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖ కేంద్రంగా ఏర్పడింది. 1975లో అటవీ అభివృద్ధి సంస్థ వచ్చి ప్రభుత్వ తోటల బాధ్యత తీసుకుంది. చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం పెట్టింది. పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మొక్కలు పంచింది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాగా మారిన ఈ కొండల్లో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది.

సింహళపు ఎస్టేటుకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ వందల ఎకరాలకు ఒక దొర, ఒక పల్పర్ ఇల్లు. ఇక్కడ ఒక్కో కుటుంబానికి ఒకటో రెండో ఎకరాలు, అదీ కొండ వాలులో. రోజుకు వచ్చే పళ్లు కొన్ని బుట్టలు. అంత చిన్న దిగుబడికి రాగి డ్రమ్ము, తొట్లు, కాలువలు కట్టేదెవరు? అందుకే చాలామంది పండును తొక్కతోనే ఎండబెట్టి 'చెర్రీ'గా అమ్మేవారు. తొక్క ఒలిచి ఆరబెట్టిన పార్చ్‌మెంట్ రకానికి ధర ఎక్కువ పలుకుతుందని తెలిసినా యంత్రం లేదు. ఆ లోటు పూడ్చడానికి వచ్చినవే బేబీ పల్పర్లు. చేత్తో తిప్పే చిన్న డ్రమ్ము, పైన గరాటు, బల్లకు బిగించుకునే ఇనప చట్రం. ఐటీడీఏ వీటిని రాయితీ మీద గూడేలకు పంచింది.

బేబీ పల్పర్ మంచి యంత్రమే. ఇద్దరు మోసుకుపోవచ్చు, కరెంటు అక్కర్లేదు. ఇబ్బంది దాని వెనక వైపు ఉంది. గింజ బుట్టలో పడుతుంది, తొక్క నేలమీద పడుతుంది. ఒక ఇంటి వెనక కుప్ప పడితే ఫరవాలేదు, పాదుకు వేసుకోవచ్చు. గూడెం గూడెమంతా డిసెంబరు నెల పొడుగునా తిప్పితే ఆ కుప్పలు పులిసి ఈగలు ముసురుతాయి. గింజ కడిగిన బంక నీళ్లు వాలు ఎటుంటే అటు పోతాయి. కొండ వాలు చివర ఉండేది గెడ్డే కదా.

కాఫీ నీళ్లు విషమేమీ కాదు, చక్కెర కలిసిన నీళ్లు. అదే వాటితో వచ్చిన ఇబ్బంది. చక్కెరా, పెక్టినూ వాగులో కలిస్తే వాటిని తినడానికి సూక్ష్మజీవులు ఎగబడతాయి. తినేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తాయి. చేపకు మిగలదు. పల్పింగు నీటికి లీటరుకు కొన్ని వేల మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావలసి వస్తుంది. పట్నం మురుగు నీటికే కొన్ని వందలతో సరిపోతుంది. తొక్క నీటిలో ఎంత సేపు నానితే అంత చక్కెర నీటిలోకి దిగుతుంది. కాబట్టి అసలు తప్పు తొక్కది కాదు, దాన్ని నీటితో మోయించిన పద్ధతిది.

విశాఖ వాసులు ఇది కొండమీది గొడవ అనుకోవడానికి లేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల గుండా వచ్చి తాటిపూడి జలాశయంలో నిలుస్తుంది. నగరం తాగే నీటిలో దాని వాటా ఉంది. చింతపల్లి వైపు కొండల నీళ్లు తాండవకు, సీలేరుకు పోతాయి. మన్యంలో ఏ వాగు పట్టుకుని నడిచినా చివరికి ఎవరి పొలానికో, ఎవరి బిందెకో చేరతాం.

ఇక్కడ ఒకసారి ఉక్కునగరానికి దిగి రావాలి. ఉక్కు కొలిమికి కోక్ కావాలి. బొగ్గును బట్టీల్లో కాల్చి బయటికి నెట్టినప్పుడు కోక్ వెయ్యి డిగ్రీల వేడిమీద ఎర్రగా మండుతూ ఉంటుంది. లోకమంతటా అలవాటైన పద్ధతి, దానిమీద నీళ్లు గుమ్మరించడం. ఒక్కసారిగా ఆవిరి మేఘం లేస్తుంది, వేడంతా గాలిలో కలుస్తుంది, ఫినాల్ కలిసిన మురికి నీళ్లు మిగులుతాయి. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం ఆ దారి వదిలేసింది. ఏడు మీటర్ల ఎత్తు బట్టీలు కట్టి, ఎర్రటి కోక్‌ను మూసిన గదుల్లోకి దింపి, నత్రజని వాయువును తిప్పుతూ పొడిగానే చల్లార్చింది. ఆ వేడితో ఆవిరి చేసి కరెంటు తీసింది. నీళ్లు చవకగా దొరుకుతున్నాయని వాడటం వేరు, పనికి అవసరమై వాడటం వేరు. ఈ తేడా ఇక్కడి ఇంజనీర్లకు బాగా తెలిసినదే. ఏలేరు కాలువ ద్వారా నూరు మైళ్లకు దగ్గరి దూరం నీళ్లు తెచ్చుకునే కర్మాగారానికి అది తెలియక తప్పదు కూడా.

అదే తేడాను కాఫీలో పట్టుకున్నది కొలంబియా వాళ్లు. అక్కడి కాఫీ పరిశోధన సంస్థ సెనికాఫె 1990ల్లో బెకోల్‌సుబ్ అనే పద్ధతిని తయారుచేసింది. కిలో ఎండు పార్చ్‌మెంట్‌కు పాత పద్ధతిలో నలభై లీటర్ల దాకా నీళ్లు పట్టేవి. కొత్త పద్ధతిలో అది లీటరుకు దిగింది. చేసిన మార్పులు మూడు. పండును నీళ్లు లేకుండానే పల్పర్‌లో వేశారు. బంకను పన్నెండు గంటలో ముప్పై గంటలో తొట్టిలో పులియబెట్టి వదిలించే బదులు, నిలువు గొట్టంలో గింజలను ఒకదానికొకటి రాపిడి చేయించి, చెంబెడు నీళ్లతో తీసేశారు. మూడోది అన్నిటికంటే తెలివైనది. పల్పర్ కింద మర (స్క్రూ) కన్వేయర్ పెట్టి తొక్కను నీరు లేకుండా బయటికి నడిపించారు. చిక్కటి బంకను వదిలింది కూడా ఆ మరలోనే. తొక్క బంకను పీల్చుకుంటుంది. రెండు వ్యర్థాలు ఒకే గొట్టంలో కలిసి ఎరువు గుంటకు పోతాయి. వాగుకు పట్టే కాలుష్యంలో తొంభై శాతానికి పైగా ఆ దెబ్బతో ఆగిపోయింది.

చెబితే సులువుగానే ఉంది. తడి తొక్కను మోయడం ఇనప రాయిని మోయడమంత తేలిక కాదని ఆ పని చేసినవాళ్లకు తెలుసు. రాయి బెల్టుమీద కదలకుండా కూర్చుంటుంది. ఏ వాలులో జారుతుందో ముందే లెక్క కట్టొచ్చు. కాఫీ తొక్క గంజిలో తడిసిన గుడ్డలా ఉంటుంది. అప్పటికప్పుడు జారిపోతుంది, కాసేపు నిలిచిందంటే దేనికైనా అతుక్కుపోతుంది. బెల్టుమీద వేసి ఏటవాలుగా ఎక్కిస్తే వెనక్కి జారుతుంది. బెల్టు తిరిగి వచ్చేటప్పుడు అడుగున అంటుకుని రోలర్లను తినేస్తుంది. గరాటులో పోస్తే గోడలకు ఆనుకుని కమాను కట్టి, కింద ఖాళీ, పైన కుప్ప. అందుకే మర కన్వేయర్. అందులోనూ వేగం పెంచితే తొక్క నలిగి రసం వదులుతుంది. మళ్లీ అదే చక్కెర నీళ్లు. నెమ్మదిగా తిరగాలి, రేకు రెక్కల మధ్య దూరం ఎక్కువుండాలి, అడుగున చిల్లులుండి కారే రసం ఒక తొట్టిలోకి చేరాలి. మామూలు ఇనుము పెడితే పండ్ల పులుపుకు రెండు మూడు సీజన్లలో తుప్పు పట్టి చిల్లులు పడుతుంది.

వేరుచేసే పని సంగతి వేరు. పల్పర్ కడ్డీని దగ్గరగా బిగిస్తే గింజ చీలుతుంది. వదులుగా పెడితే చిన్న పళ్లు ఒలవకుండానే గింజలతో కలిసి పోతాయి. కొండ పైవాలు తోట పళ్లు ఒక సైజు, లోయలోవి ఇంకో సైజు. ఒకే రోజు పది గూడేల పళ్లు ఒక యంత్రంలో పడితే ఏ బిగింపూ అందరికీ కుదరదు. అందుకే పల్పర్ తర్వాత తిరిగే జల్లెడ పెడతారు. ఒలిచిన గింజ కిందికి రాలుతుంది, ఒలవని పండూ తొక్క ముక్కలూ చివరిదాకా దొర్లి రెండో పల్పర్‌లో పడతాయి. గింజల్లో నాలుగు తొక్కలు మిగిలినా అవి ఆరబెట్టే చోట పులిసి మరక పెడతాయి. తొక్కలో నాలుగు గింజలు పోయినా రైతు డబ్బు ఎరువు గుంటలో పడ్డట్టే. రెండు నష్టాల మధ్య కడ్డీని ఎక్కడ నిలపాలన్నది ఇప్పటికీ చేతివాటం తెలిసిన పనివాడి తీర్పే.

నీరు తక్కువ వాడే ఇలాంటి ఎకో పల్పింగు యంత్రాలు మన్యానికి చేరడానికి మరికొన్నేళ్లు పట్టింది. అరకులో నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో నడిచే గిరిజన రైతుల పరస్పర సహాయ సంఘం గూడేల పళ్లను కోసిన రోజే సేకరించి ఒక్కచోట ఒలిచే పద్ధతి పెట్టింది. చింతపల్లిలో ఐటీడీఏ ఎకో పల్పింగు యూనిట్ వచ్చింది. రైతు బేబీ పల్పర్ తిప్పడం మాని పండునే అమ్మితే, రాత్రి శ్రమ తప్పుతుంది, గింజ నాణ్యత ఒకే తీరుగా ఉంటుంది. కానీ వెయ్యి ఇళ్ల వెనక చెల్లాచెదురుగా ఉన్న తొక్కు ఇప్పుడు ఒకే చోట గుట్టగా పడుతుంది. రోజుకు పది టన్నుల పళ్లు ఒలిస్తే నాలుగు టన్నుల తొక్కు. కేంద్రం కట్టేముందు ఈ లెక్క వేయకపోతే కొత్త యంత్రం పాత వాగునే వెతుక్కుంటుంది.

ఈ విషయంలో మన పక్క ఊరే పాఠం చెప్పగలదు. అనకాపల్లి బెల్లం వండేవాళ్లు గానుగ పక్కనే పిప్పిని ఆరబెట్టి, పెనం కింద పొయ్యికి అదే వాడతారు. బయటినుంచి కట్టెలు కొనే పని లేదు. వ్యర్థం నడిచే దూరం గానుగనుంచి పొయ్యి దాకా మాత్రమే. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు అంత అదృష్టం లేదు. తోతాపురి పండులో తొక్క, టెంక కలిపి మూడో వంతుకు పైనే పోతుంది. టెంక బరువు, తొక్క జిగురు. సీజనులో గుజ్జుకంటే వాటిని ఎత్తిపోసే ట్రాక్టర్ల రొద ఎక్కువ.

కాఫీ తొక్కు పశువులకు మేతగా పెద్దగా పనికిరాదు, అందులో కెఫీనూ టానిన్లూ ఉంటాయి. ఎండబెట్టి టీ కాచుకోవడం యెమెన్‌లో ఎప్పటినుంచో ఉంది. దాన్నే కాస్కారా పేరుతో ఇప్పుడు అమ్ముతున్నారు, 2022లో ఐరోపా సమాఖ్య కూడా అనుమతించింది. కానీ అది పిడికెడు తొక్కుకు దొరికే గిరాకీ, గుట్టకు కాదు. గుట్టకు నమ్మకమైన దారి ఎరువే. పేడ కలిపి, తిరగేస్తూ మూడు నాలుగు నెలలు ఉంచితే నల్లగా, వాసన లేకుండా తయారవుతుంది. నీటిలో నానని తొక్క అయితే పోషకాలు కూడా అందులోనే మిగులుతాయి. అరకు తోటల్లో ఎరువు తయారీపై చూపిన పట్టింపు ఈ కొండ కాఫీకి పేరు రావడానికి ఒక కారణం.

వ్యర్థం దారిని పట్టించుకోవడానికి 2025లో ఇంకో కారణం వచ్చి పడింది. ఆగస్టులో అరకు ప్రాంతంలో కాయ తొలిచే పురుగు బయటపడింది. 1990లో నీలగిరిలోని గూడలూరులో దేశంలో మొదటిసారి కనిపించిన ఈ పురుగు, ముప్పై అయిదేళ్లపాటు మన్యం గడప తొక్కలేదు. ఇది కాయ లోపలే పుట్టి పెరుగుతుంది. చెట్టుమీద మిగిలిన కాయ, నేల రాలిన కాయ, యంత్రం పక్కన పారేసిన కాయ, అన్నీ దానికి ఇళ్లే. అధికారులు సోకిన తోటల్లో కాయలు కోయించి, మరిగే నీటిలో ముంచి, పాతిపెట్టించారు. దీనితో పల్పింగు కేంద్రం నమూనాయే మారాలి. పండును ఒలిచేముందు నీటి తొట్టిలో వేస్తే తొలిచిన కాయ లోపల డొల్ల కాబట్టి చాలావరకు తేలుతుంది. ఇన్నాళ్లూ ఆ తేలుడు కాయలను ఒక మూల ఆరబోసి నాసి రకంగా అమ్మేవారు. ఇకమీద వాటికి తొక్కుకంటే వేరే దారి, వేరే మూసిన డబ్బా, వేడి నీటి తొట్టి ఉండాలి. లేకపోతే ఒక గూడెం పురుగును మిగతా గూడేలకు పంచిపెట్టే కేంద్రం అదే అవుతుంది.

కొత్త కేంద్రాలకు యంత్రాలు కొనేటప్పుడు గంటకు ఎన్ని కిలోలు ఒలుస్తుందో అందరూ అడుగుతారు. తొక్కు ఎటు పోతుంది, తేలుడు కాయలు ఎటు పోతాయి, రసం తొట్టి ఎంత లోతు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాకుండా టెండరు ఖరారు చేయకూడదు. వెయ్యి డిగ్రీల కోక్‌ను నీటి చుక్క పడకుండా చల్లార్చే పరిశ్రమ కొండ కిందే ఉంది, మర కన్వేయర్లు చేయగల వర్క్‌షాపులు గాజువాక, ఆటోనగర్ నిండా ఉన్నాయి. డిసెంబరులో అరకు వెళ్లే పాఠకులకు ఒక మనవి. కాఫీ తాగాక ఏదైనా పల్పింగు కేంద్రం కనిపిస్తే అనుమతి అడిగి దాని వెనక వైపు కూడా ఒకసారి చూడండి. తొక్కు పొడిగా గుంటలో పడుతుంటే ఆ కేంద్రం కాఫీ కొనండి. గెడ్డ వైపు కాలువ కనిపిస్తే ఆ సంగతి అక్కడి పంచాయతీకీ, కాఫీ బోర్డుకూ ఒక ఉత్తరం రాయండి.